సముద్రపు గాలిమరలకు టెర్మినల్ కట్టేటప్పుడు ముందు చూడవలసింది నేల

ఉరవకొండ, వజ్రకరూరు వైపు గాలిమరలు నిలబెట్టిన పనుల్లో ఉన్న అనంతపురం ఇంజినీర్లకు రేవు టెర్మినల్ పని మరీ కొత్తగా ఉండదు గానీ, బరువుల లెక్క పూర్తిగా మారిపోతుంది. మన ఊళ్లవాళ్లు ‘ఫ్యాను’ అనే ఈ మర రెక్క ఇక్కడ 50, 60 మీటర్లుంటే, సముద్రంలో పెట్టే 15 మెగావాట్ల యంత్రానికి ఒక్కో రెక్క 115 మీటర్ల పైమాటే. అంత సామాను రోడ్డు మీద రాదు కనుక ఓడలోనే వచ్చి, రేవులోనే దిగి, టవరు ముక్కలు అక్కడే నిలువునా బిగించుకొని మళ్లీ ఓడెక్కాలి.

కొత్త రేవు కట్టడం కంటే ఉన్న రేవును బలపరచడమే మేలు. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 7,453 కోట్ల సముద్రపు గాలి విద్యుత్ పథకంలోనూ 600 కోట్లు రెండు రేవుల అభివృద్ధికే కేటాయించారు.

అసలు పని నేలతో మొదలవుతుంది. మామూలు సరుకు బెర్తు, అంటే ఓడ ఆగి సరుకు దించే గట్టు, సాధారణంగా చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు టన్నులు మోస్తే చాలు. ఇక్కడ క్రేను నిలిచే చోట 20 టన్నులకు పైగా అవసరం పడవచ్చు. అందుకే బోర్లు వేసి మట్టి పొరలు పరీక్షించి, పైల్స్ (బరువు మోయడానికి భూమిలోకి దింపే స్తంభాలు) ఎంత లోతుకు దింపాలో తేల్చుకున్నాకే, సామాను పెట్టి బిగించే యార్డు నమూనా గీయాలి. ఆదోని వైపు ఒక పనిలో, ముందురోజు వానకు నానిన రేగడిపై పరిచిన ఇనుప పలకలు ఒకవైపు జానెడు దిగబడి, క్రేను బూము దించుకొని మూడు రోజులు ఊరకే కూర్చున్నాం. రేవులో అదే జరిగితే అద్దె ఓడ కూడా మనతోపాటు కూర్చుంటుంది.

గట్టు ముందరి నీటి అడుగునూ నేలలాగే చూడాలి, ఎందుకంటే మరలను నిలబెట్టే జాక్-అప్ ఓడ కాళ్లు దించి, తనను తాను నీటిపైకి ఎత్తుకొని నిలుస్తుంది. అడుగు మెత్తనైతే రాళ్లు పోసి గట్టిపరచాలి. టవర్లు నిలువునా వెళ్తాయి కాబట్టి రేవు నుంచి సముద్రం దాకా వంతెన గానీ కరెంటు తీగ గానీ అడ్డు ఉండకూడదు.

యార్డులో రెక్కను మోసే బండి మలుపు కాగితం మీద సరిపోయినంత మాత్రాన నమ్మకుండా, రెక్క తోక ఎంత దూరం ఊగుతుందో నేలపై సున్నంతో గీసి, ఖాళీ బండిని ఒకసారి తిప్పి చూశాకే దీపస్తంభాలు పాతించాలి. పాతిన స్తంభాన్ని పీకించే ఖర్చు మన పల్లె రోడ్ల మీద చాలాసార్లు భరించాం.