రోజూ నడిపే కారుకు టర్బో ఎలా ఎంచుకోవాలి?

ఎగ్జాస్ట్ వాయువులు టర్బో లోపలి టర్బైన్ చక్రాన్ని తిప్పితే, దానికి జోడించిన కంప్రెసర్ ఇంజిన్‌లోకి అదనపు గాలి నెడుతుంది. అలాంటి టర్బో కొనేముందు ఓ వారం పాటు మీ కారు ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లును గమనించండి. ట్రాఫిక్‌లో పాకేటప్పుడు, లారీని దాటేటప్పుడు, పైవంతెన ఎక్కేటప్పుడు అది ఎక్కడ ఆడుతోందో చూడండి. పెట్రోలు కారైతే ఎక్కువసేపు 1,500 నుంచి 3,500 మధ్యే ఉంటుంది. 6,000 దాకా లాగే సందర్భాలు అరుదు. మీ టర్బో పనిచేయాల్సింది ఆ మధ్యభాగంలోనే. చాలామంది మాత్రం గరిష్ఠ హార్స్‌పవర్ అంకె చూసి పెద్ద టర్బో తెచ్చి బిగిస్తారు. అలాంటి కారు 4,000 దాకా మొద్దుగా ఉంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా తన్నుకొస్తుంది. ఊళ్లో దాన్ని నడపడం నరకం. ఖర్చంతా అయ్యాక, కంపెనీ నుంచి వచ్చినప్పుడే పికప్ బాగుండేదని బాధపడే వాళ్లను చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ముందు ఇంజిన్ సంగతి

అన్ని సిలిండర్లకూ కంప్రెషన్ టెస్టు చేయించండి. ఆయిల్ ప్రెషర్, రేడియేటర్, క్లచ్ చూడండి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే టర్బో మాట పక్కన పెట్టి ముందు ఇంజిన్ బాగుచేయించండి. ఈ మార్పును మీ దగ్గరి రవాణా అధికారులు, ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకుంటారో లేదో కూడా ఇప్పుడే కనుక్కోండి, బిగించాక కాదు.

ఎంత బూస్ట్?

బూస్ట్ అంటే వాతావరణ ప్రెషర్‌కు పైన టర్బో అదనంగా ఇచ్చే ప్రెషర్. టర్బో లేకుండా వచ్చిన ఇంజిన్, కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలి ఎన్ని రెట్లు కుదించుకుపోతుందో) 10కి పైన, లోపల పిస్టన్లు మార్చలేదు అనుకుంటే 0.4 నుంచి 0.5 బార్ దగ్గర ఆగిపోండి. నిష్పత్తి 9 దరిదాపుల్లో ఉంటే 0.7 బార్. రోజూ నడిపే కారుకు అంతకుమించి అక్కర్లేదు. బూస్ట్ పెరిగేకొద్దీ నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి దానంతటదే పేలడం) ముప్పు పెరుగుతుంది, దాన్ని తప్పించడానికి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరపాలి, అలా జరిపితే పెంచిన బూస్ట్ వల్ల వచ్చిన లాభంలో కొంత అక్కడే పోతుంది.

గాలి లెక్క

ఉదాహరణకు 2 లీటర్ల ఇంజిన్ తీసుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన కొలత మేరకు గాలి పీలుస్తుంది. 6,000 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 3,000 సార్లు, అంటే 6,000 లీటర్లు. నిజానికి సిలిండర్ పూర్తిగా నిండదు, 90 శాతం వేసుకోండి: 5,400 లీటర్లు, 5.4 క్యూబిక్ మీటర్లు. 30 డిగ్రీల వేడిలో క్యూబిక్ మీటరు గాలి బరువు 1.15 కిలోలు. అంటే టర్బో లేకుండా నిమిషానికి 6.2 కిలోలు. 0.7 బార్ బూస్ట్, మంచి ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) ఉంటే గాలి సాంద్రత ఒకటిన్నర రెట్లు అవుతుంది, కాబట్టి 9.3 కిలోలు. పౌండ్లలో 20 పైచిలుకు. నిమిషానికి పౌండు గాలికి సుమారు 10 హార్స్‌పవర్ అన్నది అందరూ వాడే కొలమానం, అంటే మీకు 200 వస్తుంది.

ఇదే లెక్క 2,500 దగ్గర కూడా వేయండి. ఎవరూ వేయనిది ఇదే. అక్కడ 0.5 బార్ అనుకుంటే నిమిషానికి మూడున్నర కిలోలు, ఎనిమిది పౌండ్లకు కాస్త తక్కువ. 3,500 దగ్గర పూర్తి బూస్ట్‌తో 5.4 కిలోలు, 12 పౌండ్లు. బూస్ట్, గాలి కలిపి ఈ మూడు జతలూ కాగితం మీద రాసుకోండి.

కంప్రెసర్ మ్యాప్: ఇక్కడ తొందరపడొద్దు

గారెట్, బోర్గ్‌వార్నర్ లాంటి కంపెనీలు ప్రతి టర్బోకూ కంప్రెసర్ మ్యాప్ ఇస్తాయి. అడ్డంగా గాలి ప్రవాహం, నిలువుగా ప్రెషర్ రేషియో (కంప్రెసర్ గాలి ప్రెషర్‌ను ఎన్ని రెట్లు చేస్తుందో). మధ్యలో గుండ్రటి గీతల వలయాలు కంప్రెసర్ సామర్థ్యాన్ని చెబుతాయి. ఎడమ అంచున సర్జ్ గీత (దాటితే గాలి వెనక్కి తన్నుతుంది), కుడివైపు చోక్ హద్దు (అంతకుమించి గాలి నెట్టలేదు). మ్యాప్ లేని టర్బో ఎంత చవగ్గా దొరికినా కొనకండి. పేరు తెలియని టర్బోకు లెక్క వేసే దారే లేదు.

నిలువు అంకె దగ్గరే సగం మంది తప్పు చేస్తారు. 0.7 బార్ బూస్ట్ కాబట్టి 1.7 అని పెట్టేస్తారు. అది తప్పు. కంప్రెసర్ నుంచి బయటికి వచ్చే గాలి ప్రెషర్‌ను దానిలోకి వెళ్లే గాలి ప్రెషర్‌తో పోల్చాలి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర 0.03 బార్ దాకా పోతుంది, ఇంటర్‌కూలర్, పైపుల్లో ఇంకో 0.1 పోతుంది. ఇంజిన్‌కు 0.7 అందాలంటే కంప్రెసర్ 0.8 ఇవ్వాలి. వాతావరణ ప్రెషర్ 1.01 బార్. 1.81ని 0.98తో భాగిస్తే 1.85. మ్యాప్ మీద 1.7కి, 1.85కి మధ్య దూరం మంచి టర్బోను చెడ్డ ఎంపికగా మార్చేంత పెద్దది. మీరుండేది సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తున అయితే అక్కడి వాతావరణ ప్రెషర్ 0.85 బార్ లోపే ఉంటుంది, అదే బూస్ట్‌కు రేషియో 2 దాకా వెళ్తుంది. ఎత్తు ప్రాంతంలో ఉండి మైదానంలో ఉండేవాళ్ల లెక్క అరువు తెచ్చుకోకండి.

అడ్డం గీత మీద యూనిట్ చూడండి. కొన్ని మ్యాపులు నిమిషానికి పౌండ్లలో, కొన్ని సెకనుకు కిలోల్లో, కొన్ని క్యూబిక్ మీటర్లలో ఉంటాయి. మన 9.3 కిలోలు సెకన్లలోకి మారితే 0.155 అవుతుంది. యూనిట్ చూడకుండా చుక్క పెట్టడం కంటే కళ్లు మూసుకుని కొనడం నయం.

ఇప్పుడు మూడు చుక్కలూ పెట్టండి. మొదట చూడాల్సింది 2,500 దగ్గరి చుక్క. అది సర్జ్ గీతకు కుడివైపు, కొంత ఎడంతో ఉండాలి. గీతను తాకుతున్నా, దానికి ఎడమన పడినా ఆ టర్బో మీకు పనికిరాదు. టాప్ గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కంప్రెసర్ నెట్టే గాలిని ఇంజిన్ మింగలేదు. గాలి వెనక్కి తన్నుతుంది, మళ్లీ ముందుకు వస్తుంది, మళ్లీ తన్నుతుంది. కారు కుదుపులతో వెళ్తుంది, టర్బో లోపల థ్రస్ట్ బేరింగ్ ప్రతి తన్నుకూ దెబ్బ తింటుంది. ట్యూనింగ్‌లో సర్దుకోవచ్చని ఎవరైనా అంటే వినకండి. అక్కడ బూస్ట్ తగ్గించి తప్పించుకోవచ్చు కానీ, మీరు టర్బో పెట్టించుకుంది అక్కడ బూస్ట్ కోసమే కదా.

తర్వాత 3,500 చుక్క. ఇది అత్యధిక సామర్థ్యం ఉన్న వలయంలోనో, దాన్ని ఆనుకునో పడాలి. నేను దీని విషయంలో రాజీపడను. సామర్థ్యం అంటే గాలి ఎంత తక్కువ వేడెక్కుతుందన్నదే. 70 శాతం సామర్థ్యం ఉన్న కంప్రెసర్ కూడా 1.7 రేషియో దగ్గరే 30 డిగ్రీల గాలిని దాదాపు 100 డిగ్రీలకు తీసుకెళ్తుంది. సామర్థ్యం పడిపోతే ఆ వేడి ఇంకా పెరుగుతుంది, సిలిండర్‌లో నాకింగ్ మొదలవుతుంది.

చివరిగా 6,000 చుక్క. ఇది కుడివైపు కాస్త తక్కువ సామర్థ్యం ఉన్న వలయంలో పడినా పర్వాలేదు. 60 శాతం కంటే దిగకుండా, చోక్ హద్దు దాటకుండా ఉంటే చాలు. అందరూ తలకిందులుగా చేసేది ఇక్కడే. 6,000 చుక్కను నడిమధ్యలో పెట్టుకుంటారు, అప్పుడు 2,500 చుక్క దానంతటదే సర్జ్ వైపు జరిగిపోతుంది. భవిష్యత్తులో ఇంకా బూస్ట్ పెంచుకోవచ్చని ఒక సైజు పెద్దది కొనడమూ ఇలాంటి పొరపాటే. ఆ భవిష్యత్తు వచ్చేదాకా రోజూ ల్యాగ్ (యాక్సిలరేటర్ తొక్కాక బూస్ట్ వచ్చేదాకా ఆలస్యం) భరించాలి.

నా మాట మీద నమ్మకం లేకపోతే

1973లో బీఎండబ్ల్యూ ‘2002 టర్బో’ అనే కారు తెచ్చింది. 2 లీటర్ల ఇంజిన్, 170 హార్స్‌పవర్. ల్యాగ్‌కు అది పెట్టింది పేరు. 1,672 కార్లు తయారయ్యాక ఆగిపోయింది, దానికి అప్పటి చమురు సంక్షోభం కూడా కారణమే. ఆ దశాబ్దం చివర్లో స్వీడన్ కంపెనీ సాబ్ నుంచి ‘99 టర్బో’ కారు వచ్చింది. అదే 2 లీటర్లు, 145 హార్స్‌పవర్. సాబ్ ఇంజినీర్లు చిన్న టర్బో పెట్టి, వేస్ట్‌గేట్‌తో (మిగులు ఎగ్జాస్ట్‌ను టర్బైన్ పక్క నుంచి పంపేసే తలుపు) బూస్ట్‌ను అదుపులో ఉంచి, మధ్య ఆర్‌పీఎంలో లాగే శక్తి కోసం పనిచేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు కుటుంబాల కోసం టర్బో కార్లు అమ్మిన కంపెనీ సాబ్. అంకెలో 25 తక్కువైనా రోజూ నడపడానికి సరైన ఆలోచన అదే.

టర్బైన్ వైపు

టర్బైన్ హౌసింగ్‌కు ఏ/ఆర్ అనే అంకె ఉంటుంది, ఎగ్జాస్ట్ వెళ్లే దారి ఎంత ఇరుకో అది చెబుతుంది. చిన్నదైతే టర్బైన్ త్వరగా తిరుగుతుంది, ఎక్కువ ఆర్‌పీఎంలో ఎగ్జాస్ట్‌ను బిగబడుతుంది. మీ టర్బోకు దొరికే వాటిలో చిన్నదాన్నే తీసుకోండి. ఒక రకం టర్బో ఏ/ఆర్‌ను ఇంకో రకంతో పోల్చకండి, చక్రం సైజు మారితే ఆ అంకెకు అర్థం మారిపోతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు తగ్గ మానిఫోల్డ్ (సిలిండర్ల ఎగ్జాస్ట్‌ను టర్బోకు చేర్చే గొట్టాలు) దొరికితే రెండు దారులున్న ట్విన్ స్క్రోల్ హౌసింగ్ మంచిది. 1-4, 2-3 సిలిండర్ల ఎగ్జాస్ట్ విడివిడిగా వచ్చి టర్బైన్‌ను తడుతుంది. డీజిల్ కారు నుంచి తీసిన వేరియబుల్ జామెట్రీ టర్బోను పెట్రోలు ఇంజిన్‌కు తగిలించకండి. పెట్రోలు ఎగ్జాస్ట్ వేడికి ఆ కదిలే రెక్కలు తట్టుకోలేవు. 2006లో పోర్షా 911 టర్బోలో అవి వచ్చాయంటే, ఆ వేడికి తగ్గ ప్రత్యేకమైన లోహాలు వాడారు కాబట్టి.

మిగతావి

బాల్ బేరింగ్ టర్బోనే కొనండి, నీళ్లతో చల్లబడేదే కొనండి. వేస్ట్‌గేట్ టర్బోలోనే ఉన్నది చాలు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగులు గాలిని వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్ దాన్ని తిరిగి ఇన్‌టేక్‌లోకే పంపాలి; బయటికి వదిలితే ఎయిర్‌ఫ్లో సెన్సార్ లెక్క తప్పి ఇంజిన్ ఎక్కువ పెట్రోలు తాగుతుంది. 200 హార్స్‌పవర్‌కు నాలుగు ఇంజెక్టర్లు ఒక్కొక్కటి నిమిషానికి 400 సీసీ ఇవ్వగలగాలి. ఆయిల్ వెనక్కి వచ్చే పైపు మాత్రం వెడల్పుగా, ఎక్కడా పైకి లేవకుండా కిందికే దిగి, సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ మట్టానికి పైన కలవాలి. అది సరిగా లేనిచోట సీళ్ల నుంచి ఆయిల్ కారి పొగ వస్తుంది, పాపం టర్బోను తిడతారు.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఇంజెక్టర్ల కనెక్షన్ తీసేసి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా ఇంజిన్‌ను సెల్ఫ్‌తో తిప్పండి. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్‌ను, గాలి-పెట్రోలు పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టి, నాకింగ్ వింటూ, వేస్ట్‌గేట్ స్ప్రింగ్ ఇచ్చే కనీస బూస్ట్‌తో మొదలుపెట్టమనండి. ట్యూనర్ 2,000 నుంచి 4,000 మధ్య ఎక్కువ సమయం గడపాలి. గ్రాఫులో పైన ఉన్న అంకె చూపించి పని అయిపోయిందంటే, 2,500 దగ్గర టార్క్ (లాగే శక్తి) ఎంతో చూపించమని అడగండి.