విదేశాల్లోని పేద బడికి వాలంటీర్‌గా వెళ్ళి పిల్లలకు కార్యక్రమాలు నడపడం ఎలా?

ఒకే గదిలో అరవై, డెబ్భై మంది పిల్లలు. ఉదయం ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్. నిధులు లేని బడుల్లో టీచర్లకు సిలబస్ పూర్తి చేయడమే గగనం. ఇక కథల గంట, సైన్స్ ప్రయోగాలు, చదరంగం, నాటకం లాంటివి నడపడానికి మనిషీ ఉండరు, డబ్బూ ఉండదు. ఆ లోటు కొంతైనా పూడ్చడానికి బయటి నుంచి వెళ్ళే వాలంటీర్ పనికొస్తారు. కాకపోతే మీరు తిరిగొచ్చేశాక కూడా ఆ గంట నడవాలి. అందుకే ఏర్పాట్లన్నీ మీ చివరి రోజు నుంచి వెనక్కి లెక్క వేసుకుని చేసుకోమంటాను.

1. ఏం కావాలో బడినే అడగండి

"నేను రోబోటిక్స్ నేర్పిస్తాను" అని మొదలుపెట్టకండి. ప్రధానోపాధ్యాయులకు రాసి మూడు సంగతులు కనుక్కోండి: ఏ తరగతి పిల్లలకు కావాలి, వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి, మీ పక్కన ఏ టీచర్ ఉంటారు. మూడోదే అసలు ప్రశ్న. పక్కన ఉండే టీచర్ ఎవరూ లేకపోతే ప్రయాణం వాయిదా వేసుకోండి, లేదా ఇంకో బడి చూసుకోండి. ఇది కాస్త కటువుగా అనిపించవచ్చు. కానీ టీచర్ లేకుండా నడిపిన కార్యక్రమం మీరు విమానం ఎక్కడంతోనే ఆగిపోతుంది.

బడి క్యాలెండర్ కూడా అడగండి. కెన్యా, టాంజానియాల్లో విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, నేపాల్‌లో ఏప్రిల్ మధ్యలో. పరీక్షల వారాల్లో వెళితే మీకు ఇవ్వడానికి ఎవరి దగ్గరా టైమ్ ఉండదు. బోధన భాష ఏమిటో తెలుసుకోండి. టాంజానియా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చదువు స్వాహిలీలో సాగుతుంది, హైస్కూలుకు వచ్చేసరికి ఇంగ్లిష్‌కు మారుతుంది. మూడో తరగతి పిల్లలకు ఇంగ్లిష్‌లో కథ చెబితే వాళ్ళు మర్యాదగా నవ్వుతారు, అంతే. అక్కడి భాషలో కనీసం వంద మాటలు నేర్చుకుని వెళ్ళండి: కూర్చోండి, మళ్ళీ చెప్పండి, బాగా చేశావు, ఎవరికి తెలుసు?

2. ఎవరి ద్వారా వెళ్ళాలి?

జర్మనీలోని బాన్ నగరం కేంద్రంగా పనిచేసే యూఎన్ వాలంటీర్స్, 1958లో బ్రిటన్‌లో మొదలైన వీఎస్ఓ (వాలంటరీ సర్వీస్ ఓవర్‌సీస్) లాంటి సంస్థలు అనుభవం ఉన్నవాళ్ళను ఎక్కువ కాలానికి పంపుతాయి. చిన్న సంస్థలు చాలావరకు ఫీజు తీసుకుంటాయి. ఫీజు ఉండడం తప్పు కాదు. అందులో బడికి ఎంత చేరుతుందో మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి. పోలీస్ సర్టిఫికెట్ అడగకుండా, మీ గురించి ఎవరినీ విచారించకుండా "రేపే రండి" అనే సంస్థను వదిలేయండి. మిమ్మల్ని అలా రానిచ్చినవాళ్ళు ఎవరినైనా రానిస్తారు.

అనాథాశ్రమాల్లో కొద్ది రోజుల వాలంటీర్ పనికి మాత్రం వెళ్ళవద్దు. డబ్బిచ్చే సందర్శకుల కోసం, తల్లిదండ్రులున్న పిల్లలను కూడా ఆశ్రమాల్లో చేరుస్తున్న ఉదంతాలు బయటపడ్డాయి. ఇలాంటి కార్యక్రమాల వల్ల జరిగే హానిని అరికట్టాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం 2019లో తీర్మానం కూడా చేసింది. పిల్లలు సాయంత్రం తమ ఇళ్ళకు వెళ్ళిపోయే బడిని ఎంచుకోండి.

3. వీసా, టీకాలు

టూరిస్ట్ వీసా మీద వాలంటీర్ పని చేయవచ్చని అనుకోకండి. థాయ్‌లాండ్‌లో జీతం లేని పనికి కూడా వర్క్ పర్మిట్ కావాలి. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడిగే దేశమైతే, అది టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుందని గుర్తుంచుకోండి. ఆసుపత్రి ఖర్చులు భరించే ఇన్సూరెన్స్ తప్పనిసరి.

4. ఒక్క కార్యక్రమమే పెట్టుకోండి

ఐదు రకాలు చేయాలని అందరికీ ఆశ ఉంటుంది. ఒక్కటే తీసుకుని దాన్ని నిలబెట్టండి. అక్కడ దొరకని వస్తువు ఏదీ అందులో ఉండకూడదు. ఈ సంగతి నాకు అనుభవం మీదే తెలిసింది. నేను వెళ్ళిన ఒక బడికి రంగురంగుల లెక్కల కిట్ల పెట్టె ఒకటి మోసుకెళ్ళాను. రెండో వారానికల్లా అది బీరువాలో చేరి తాళం పడింది. నాకు తోడుగా ఉన్న టీచర్‌ను ఎందుకలా చేశారని అడిగితే, "ఒక్క ముక్క పోయినా జవాబు చెప్పాల్సింది నేనే కదా" అన్నారు. ఆమె మాటలో తప్పేమీ లేదు. మర్నాడు పిల్లలను సీసా మూతలు ఏరుకు రమ్మన్నాం. మూడు రోజుల్లో బస్తా నిండింది. అవి పోయినా ఎవరికీ టెన్షన్ లేదు.

కంప్యూటర్లు లేకుండా కంప్యూటర్ సైన్స్ నేర్పే పద్ధతులున్నాయి. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన 'సీఎస్ అన్‌ప్లగ్డ్' పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితం. వాటిలో ఒకటి చూడండి. ఐదు అట్టముక్కల మీద వరుసగా 16, 8, 4, 2, 1 చుక్కలు పెట్టండి. ఐదుగురు పిల్లలు ఒక్కో అట్ట పట్టుకుని ఇదే వరుసలో నిలబడతారు. క్లాసు ఒక అంకె చెబుతుంది. 13 అన్నారనుకోండి, 8, 4, 1 పట్టుకున్నవాళ్ళు చుక్కలు చూపిస్తారు, మిగతా ఇద్దరూ అట్ట తిప్పేస్తారు. కనిపిస్తే 1, తిప్పితే 0 అని బోర్డు మీద రాస్తే 01101. "అందరూ చూపిస్తే ఎంత?" అని అడగండి. 31 అని ఎవరో అరుస్తారు. "32 కావాలంటే?" అనగానే కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆరో అట్ట కావాలని, దాని మీద 32 చుక్కలుండాలని ఏ వెనక వరుస నుంచో వినిపిస్తుంది. ఖర్చు ఒక పాత అట్టపెట్టె, ఒక సుద్దముక్క.

చదివించడమే మీ కార్యక్రమమైతే, ప్రథమ్ బుక్స్ నడిపే స్టోరీవీవర్, ఆఫ్రికన్ స్టోరీబుక్ అనే వెబ్‌సైట్లలో ఎన్నో భాషల కథలు ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసుకోవచ్చు. పిల్లలను తరగతిని బట్టి కాకుండా, ఎంతవరకు చదవగలరో దాన్ని బట్టి కూర్చోబెట్టండి: అక్షరాలు, పదాలు, వాక్యాలు, కథ. భారతదేశంలో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన ఈ పద్ధతిని జాంబియా లాంటి దేశాల బడులు కూడా తీసుకున్నాయి. ఐదో తరగతి పిల్లాడు అక్షరాల గుంపులో కూర్చోవడానికి సిగ్గుపడతాడు. గుంపులకు పూల పేర్లో జంతువుల పేర్లో పెడితే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

5. మొదటి వారం వెనక బెంచీలో

వెళ్ళగానే పాఠం మొదలుపెట్టకండి. వారం రోజులు వెనక కూర్చుని చూడండి. టీచర్ పిల్లల్ని ఎలా నిశ్శబ్దంగా కూర్చోబెడతారు, ఎవరు మాట్లాడరు, ఎవరు ఆకలితో వస్తారు, ఆడపిల్లలను జవాబు చెప్పమని ఎప్పుడు పిలుస్తారు అన్నవి రాసుకోండి.

ఆ తర్వాత మీకు ఆరు వారాలు ఉంటే ఇలా పంచుకోండి. మొదటి రెండు వారాలు మీరు నడపండి, టీచర్ సాయం చేస్తారు. తర్వాతి రెండు వారాలు ఇద్దరూ కలిసి. చివరి రెండు వారాలు టీచరే నడపాలి, మీరు మళ్ళీ వెనక బెంచీకి వెళ్ళిపోవాలి. ఆఖరి దశ కష్టం. టీచర్ మీలా చేయరు, ఒక మెట్టు వదిలేస్తారు, ఆట మధ్యలో ఆపుతారు. క్లాసులో కలగజేసుకోకండి. గంట కొట్టాక, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడుకోండి.

నెల కన్నా తక్కువ టైమే ఉందా? అయితే పిల్లలకు నేర్పే ఆలోచన మానుకుని, టీచర్లతోనే కూర్చోండి.

6. పిల్లల రక్షణ

ఏ పిల్లాడితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకండి. తల్లిదండ్రులు, బడి ఒప్పుకోకుండా ఫోటో తీయకండి. ఒప్పుకున్నా పేరు, ఊరు, బడి కలిపి ఎక్కడా పెట్టకండి. ఒక్కరికే కానుకలు, డబ్బు ఇవ్వవద్దు. ఇవ్వదలుచుకుంటే ప్రధానోపాధ్యాయుల ద్వారా బడికి ఇచ్చి రసీదు తీసుకోండి. పిల్లల మీద ఏదైనా హింస జరుగుతోందని అనుమానం వస్తే మీరే విచారణకు దిగకుండా, బడిలో పిల్లల రక్షణ చూసుకునేది ఎవరో వచ్చిన మొదటి రోజే కనుక్కుని, వాళ్ళకు చెప్పండి. వెళ్ళిపోయే తేదీని పిల్లలకు మొదటి వారంలోనే చెప్పండి. హఠాత్తుగా మాయమైపోతే తామేదో తప్పు చేశామని చిన్నపిల్లలు అనుకుంటారు.

7. అప్పగింత

ఒక మామూలు నోటుబుక్ కొనండి. ఒక్కో పాఠానికి ఒక్కో పేజీ: కావలసిన వస్తువులు, మెట్లు, ఎక్కడ తడబడ్డాం. దాన్ని టీచర్ తన భాషలో, తన చేతిరాతతో రాయాలి. మీరు టైప్ చేసిన ఫైల్‌ను ఎవరూ తెరవరు. చివరి వారంలో ప్రధానోపాధ్యాయులతో కూర్చుని ఈ గంటను బడి టైంటేబుల్‌లో రాయించండి. టైంటేబుల్‌లో లేని గంటను మొదటి పరీక్ష రాగానే తీసేస్తారు.

తిరిగొచ్చాక నెలకోసారి, ముందే అనుకున్న రోజున టీచర్‌కు ఫోన్ చేయండి. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే వస్తుంది. "పోయిన వారం ఏ పేజీ చేశారు?" అని అడగండి.