అటక మీద రేకు డబ్బా, పెరట్లో నీళ్ల పొయ్యి

మా అమ్మ పోయాక అటక దులిపిస్తే, ఇత్తడి గుండిగ వెనకాల తుప్పు పట్టిన రేకు డబ్బా దొరికింది. మూత తీయకముందే ముక్కవాసన కొట్టింది. బీహెచ్‌సీ అనే పురుగుమందు పొడి. నా చిన్నప్పుడు మినుముల బస్తాల చుట్టూ అమ్మ దాన్ని వట్టి చేత్తో చల్లేది. ఆ చెయ్యి పమిటకి తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ మందుని మన దేశంలో 1997లో నిషేధించారు. మా అటక మీద మాత్రం అలాగే ఉండిపోయింది.

నేను హైస్కూల్లో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. కోనసీమలో ఇలాంటి అటకలు ఇంకా ఉన్నాయనే ఇది రాస్తున్నాను.

డీడీటీ, బీహెచ్‌సీ లాంటివి నీళ్లలో దాదాపు కరగవు, కొవ్వులో కరుగుతాయి. అందుకే ఒంట్లో చేరితే కొవ్వు పట్టుకుని కూర్చుంటాయి, సగం తగ్గడానికే ఏళ్లు పడుతుంది. వస్తువులకి నూనె, నీరు అంటకుండా వాడే పీఫాస్ అనే రసాయనాలు రక్తంలో తిరుగుతాయి. వాటిలో పీఎఫ్‌ఓఎస్ అనేది సగానికి రావడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. ఇవి హార్మోన్ల పనికి అడ్డం పడతాయి, కణాల మీద ఒత్తిడి పెంచుతాయి. వయసుతో జరిగే అరుగుదలా ఆ దారిలోనే నడుస్తుంది. డీడీటీ నుంచి పుట్టే డీడీఈ అల్జీమర్స్ ఉన్నవాళ్ల రక్తంలో ఎక్కువగా కనిపించిందని 2014లో అమెరికా పరిశోధకులు చెప్పారు. పీఫాస్ ఎక్కువ ఉన్న ఆడవాళ్లకి ముట్లు కాస్త ముందే ఆగిపోతున్నాయని 2020లో అక్కడే మరో అధ్యయనం వచ్చింది. ఈ అధ్యయనాలు సంబంధం చూపాయి, కారణం ఇదేనని తేల్చలేదు. అయినా ఒకసారి చేరింది త్వరగా పోదు కాబట్టి, కొత్తగా చేరకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్న పని.

ముందు అటక. పాత పొడి దొరికితే ఊడ్చకండి, గాలికి లేస్తుంది. ముక్కుకి గుడ్డ, చేతులకి గ్లౌజులు వేసుకుని, డబ్బాని డబ్బాగానే రెండు మందపాటి కవర్లలో కట్టి, మూతున్న బకెట్లో పెట్టండి. కాలువలో పారేయొద్దు, పాతిపెట్టొద్దు, కాల్చొద్దు. నేను మూత మీద ఎర్ర పెయింటుతో 'విషం' అని రాసి, పిల్లలకి అందకుండా కొట్టంలో తాళం వేశాను. తర్వాత ఎక్కడ అప్పగించాలో మండల వ్యవసాయాధికారిని అడిగి కనుక్కోండి.

నీళ్ల సంగతి చిన్నదే. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలతోనే మన తాగునీటి చెరువులు నిండుతాయి, కాబట్టి స్ప్రే ట్యాంకు కాలువలో కడగొద్దు. కాచినంత మాత్రాన ఈ రసాయనాలు పోవు. ఆర్‌ఓ, యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్లు పీఫాస్‌ని తగ్గిస్తాయి, కాకపోతే ఫిల్టరు టైముకి మార్చాలి.

చేపల్లో, చిన్నవాటిని తిని పెరిగే పెద్ద చేపలో ఈ మందులు పోగుపడతాయి. అందుకని రోజూ కూరకి కట్టిపరిగెల్లాంటి చిన్న చేపలు మేలు. కొవ్వు చేప అయితే పొట్ట దగ్గరి కొవ్వు తీసేయండి. పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరోళ్లం, వరద రోజుల్లో ఒకటి రెండుసార్లు తింటే నేనేమీ అనను, నేనూ తింటాను.

నాకు ఎక్కువ బాధ కలిగించేది నీళ్ల పొయ్యి. కొబ్బరి మట్టలతో పాటు పాల కవర్లు, విరిగిన పైపు ముక్కలు, పాత వైర్లు అందులో పడేస్తాం. పైపుల్లో, వైర్ల తొడుగుల్లో ఉండే పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విష రసాయనాలు పుడతాయి, అవి కూడా ఏళ్ల తరబడి ఉండేవే. ఆ బూడిద ఆనపపాదుకి పోస్తాం. నాటుకోళ్లు అక్కడే గీరి పురుగుతో పాటు మట్టీ మింగుతాయి. డయాక్సిన్లు గుడ్డు పచ్చసొనలోకి దిగుతాయి. ఆ గుడ్డే బలమని బాలింతకి పెడతాం, పాల ద్వారా బిడ్డకి వెళుతుంది.

మా పొయ్యి పక్కన ఇప్పుడు రెండు గోనెసంచులు వేలాడదీశాను. ఒకటి కవర్లకి, ఒకటి పైపు, వైరు ముక్కలకి. పొయ్యిలోకి మట్టలు, డొక్కలు తప్ప ఇంకేవీ వెళ్లవు. పాత బూడిద పోసిన చోటికి కోళ్లు పోకుండా తడిక కట్టించి, గంపని పెరటికి అవతలి వైపు, మామిడిచెట్టు కిందకి మార్చాను.