జాతీయ సాధన సర్వే నివేదికను బడికి పనికొచ్చేలా చదవడం ఎలా?

బడి పిల్లలు ఎంత నేర్చుకున్నారో దేశమంతటా పరీక్ష పెట్టి చూసేదే జాతీయ సాధన సర్వే. దాని జిల్లా నివేదిక రాగానే అందరి కళ్లూ ర్యాంకు మీదే పడతాయి. మనది ఎన్నో స్థానం, పక్క జిల్లా ఎన్నో స్థానం? ఆ అంకె చూసి రేపు ఆరో తరగతిలో ఏం బోధించాలో ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగేది అదే నివేదిక లోపలి పేజీల్లోని సామర్థ్యాల పట్టిక, అంటే ఏ పని ఎంత శాతం పిల్లలకు వచ్చో చూపేది. దాన్ని చదివి, మీ తరగతికి సరిపడా చిన్న పరీక్ష తయారుచేసి, ఫలితం చూసి బోధన మార్చుకునేదాకా చేయాల్సిన పని ఇది. ఎస్‌జీటీలు (ప్రాథమిక తరగతుల టీచర్లు), గణితం స్కూల్ అసిస్టెంట్లు ఎవరి సాయం లేకుండానే చేసుకోవచ్చు.

ముందు అది ఏ సర్వేనో చూడండి

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) ఈ సర్వేలను 2001 తర్వాత సర్వశిక్షా అభియాన్ కోసం మొదలుపెట్టింది. అప్పట్లో ఫలితాలు రాష్ట్ర స్థాయితో ఆగిపోయేవి. 2017 నవంబర్ 13న 3, 5, 8 తరగతుల్లో సుమారు 22 లక్షల మంది పిల్లలకు ఒకే రోజు పరీక్ష పెట్టి జిల్లావారీ నివేదికలు ఇచ్చారు. పదో తరగతికి 2018 ఫిబ్రవరి 5న జరిగింది. 2021 నవంబర్ 12న సీబీఎస్‌ఈ నిర్వహణలో 3, 5, 8, 10 తరగతుల్లో సుమారు 34 లక్షల మంది రాశారు. అప్పటికి కోవిడ్ వల్ల బడులు చాలాకాలం మూతపడి ఉన్నాయి. ఆ తర్వాతది పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్, ఇదే సర్వేకు కొత్త పేరు. 2024 డిసెంబర్ 4న 781 జిల్లాల్లో, 74,229 బడుల్లో, 21 లక్షలకు పైగా పిల్లలతో జరిగింది. ఈసారి తరగతులే మారాయి: 3, 6, 9. 2020 నాటి కొత్త జాతీయ విద్యావిధానం ప్రకారం రెండో తరగతితో పునాది దశ, ఐదుతో సన్నాహక దశ, ఎనిమిదితో మాధ్యమిక దశ ముగుస్తాయి. దశ దాటి వచ్చిన పిల్లల దగ్గర ఏం మిగిలిందో చూడటానికే ఆ పై తరగతులను ఎంచుకున్నారు.

అందుకే 2017 అంకెను 2024 అంకె పక్కన పెట్టి పెరిగామనో తగ్గామనో అనకూడదు. తరగతి వేరు, ప్రశ్నలు వేరు, కొలబద్ద వేరు. 2021 నివేదికలో ఎనిమిదో తరగతి గణితం జాతీయ సగటు 500కి 255. దీన్ని 51 శాతం మార్కులుగా మార్చడం చాలాచోట్ల కనిపించే తప్పు. అది ప్రశ్నల కష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకుని కట్టిన స్కేలు స్కోరు. 2024 నివేదికలో ఉన్నవి సరైన జవాబుల శాతాలు. రెంటినీ కలపడానికి దారి లేదు.

శాతాన్ని 25తో పోల్చండి

2024లో తొమ్మిదో తరగతి గణితం జాతీయ సగటు 37 శాతం, ఆరో తరగతిది 46, మూడో తరగతిది 60. ప్రశ్నలు నాలుగు ఆప్షన్ల బిట్లు. చదవకుండా గుడ్డిగా పెట్టినా సగటున 25 శాతం వస్తుంది. కాబట్టి 37ను సున్నా నుంచి కాక 25 నుంచి లెక్కపెట్టండి. మిగిలేది 12. పరిస్థితి ఎంత గట్టిదో అప్పుడు తెలుస్తుంది. ఏదైనా సామర్థ్యం దగ్గర 25 కంటే తక్కువ కనబడితే మాత్రం పిల్లలు గుడ్డిగా పెట్టలేదని అర్థం. ఒక తప్పుడు పద్ధతిని నమ్మకంగా పాటించి, అందరూ ఒకే తప్పు జవాబు దగ్గరికి వెళ్లారన్నమాట. ముందు పట్టుకోవాల్సింది ఆ వరుసనే.

ఇంకో మాట. ఒక బడిలో ఒక తరగతి నుంచి మహా అయితే 30 మందిని ఎంచుతారు. 30 మందిలో 18 మంది ఒక ప్రశ్న సరిగా చేస్తే 60 శాతం. అలాంటి పిల్లలనే ఇంకో 30 మందిని కూర్చోబెడితే 13 మందే చేయొచ్చు, 23 మంది కూడా చేయొచ్చు. ఈ సర్వే జిల్లాకు జ్వరం చూసే థర్మామీటరు. దాన్ని పట్టుకుని ఒక బడినో ఒక టీచర్‌నో నిలదీయడం అన్యాయం.

పట్టికలోంచి మూడు వరుసలు

జిల్లా నివేదికలో ప్రతి సామర్థ్యానికీ ఒక కోడ్, పక్కన జిల్లా, రాష్ట్ర, దేశ శాతాలు ఉంటాయి. బాలబాలికలు, పల్లె పట్టణం, యాజమాన్యం వారీగా కూడా విడదీసి ఇస్తారు. మీ సబ్జెక్టులో అన్నిటికంటే తక్కువ శాతం ఉన్న మూడు వరుసలు రాసుకోండి. మూడు చాలు. పది రాసుకుంటే ఏదీ జరగదు. ఆ మూడింటిలో కింది తరగతి నుంచి వచ్చిన లోటు ఏదో దాన్ని ముందు పెట్టండి. 2024 సర్వేలో దేశం మొత్తమ్మీద మూడో తరగతి పిల్లల్లో 55 శాతం మందే 99 వరకు అంకెలను ఆరోహణ, అవరోహణ క్రమంలో పెట్టగలిగారు. ఆరో తరగతిలో 10 వరకు ఎక్కాలు తెలిసినవాళ్లు 53 శాతం. ఎక్కం రాని పిల్లవాడికి భిన్నాల పాఠం ఎన్నిసార్లు చెప్పినా నిలవదు.

ప్రశ్న రాయడం

ఎక్కువ శ్రమ, ఎక్కువ ఫలితం ఇక్కడే. ఆప్షన్లు మీ తలలోంచి తీయకండి. మొదట ఆప్షన్లు లేకుండా లెక్కను పదిమందికి ఇచ్చి, వాళ్లు చేసిన తప్పులు ఏరుకోండి. అవే మీ ఆప్షన్లు. ఒక తీసివేత చూడండి:

403 – 158 = ?
ఎ) 355   బి) 245   సి) 345   డి) 255

సరైనది 245. 355 పెట్టిన పిల్లవాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. 3లోంచి 8 పోదు కదా, అందుకని 8లోంచి 3 తీశాడు. అతనికి స్థాన విలువే తెలియదు. 345 పెట్టినవాడికి అప్పు తెచ్చుకోవడం వచ్చు, వందల దగ్గర 4ను 3 చేయడం మరిచాడు. 255 పెట్టినవాడు పదుల్లోంచి ఒకట్లకు ఇచ్చిన ఒక పదిని తగ్గించలేదు. ముగ్గురికీ సున్నా మార్కే, ముగ్గురికీ కావాల్సిన పాఠాలు మాత్రం వేరు. మంచి బిట్‌కు గుర్తు ఇదే. తప్పు జవాబు కూడా ఏదో ఒకటి చెప్పాలి.

భాషలో అయితే గద్యంలో ఉన్న మాటను అడిగే ప్రశ్న ఒకటి, లేని మాటను అడిగే ప్రశ్న ఒకటి ఉండాలి. ‘మబ్బు పట్టింది. అమ్మ గబగబా డాబా ఎక్కి వడియాల చాపను కిందికి తెచ్చింది. రాజు గొడుగు వెతుకుతున్నాడు.’ అమ్మ ఏం తెచ్చింది అంటే చాలామంది చెబుతారు. అమ్మ ఎందుకు తొందరపడింది అని అడగండి. అందులో వాన అన్న మాటే లేదు. చదివింది అర్థమైనవాళ్లే చెప్పగలరు.

‘పైవన్నీ’, ‘ఏదీ కాదు’ వాడొద్దు. సరైన ఆప్షన్ మిగతావాటికంటే పొడుగ్గా ఉంటే పిల్లలు ఇట్టే పసిగడతారు. ఒక్కో సామర్థ్యానికి నాలుగైదు ప్రశ్నలు ఉండాలి. ఒక్క ప్రశ్నతో తీర్పు చెప్పకూడదు. మొత్తం 12 నుంచి 15 ప్రశ్నలు, ఒక పీరియడ్.

పరీక్ష పెట్టే రోజు

తరగతి చిన్నదైతే అందరికీ పెట్టండి. 62 మంది ఉండి 20 మందికే పెట్టాలనుకుంటే, 62ను 20తో భాగిస్తే సుమారు 3. 1, 2, 3 చీటీలు వేసి ఒకటి తీయండి. 2 వస్తే హాజరు పట్టీలో 2, 5, 8, 11... అలా 59 వరకు. బాగా చదివేవాళ్లను ముందుకు లాగొద్దు. అలా చేస్తే ఎవరికి సాయం కావాలో వాళ్లే జాబితాలో ఉండరు.

ప్రశ్నల వరుస మార్చి రెండు సెట్లు చేసి పక్కపక్క పిల్లలకు వేర్వేరుగా ఇవ్వండి. మూడో తరగతికి లెక్కల ప్రశ్నలు మీరే రెండుసార్లు చదివి వినిపించండి. సరైన ఆప్షన్ దగ్గర గొంతు కాస్త ఒత్తి పలకడం తెలియకుండానే జరిగిపోతుంది, జాగ్రత్త. ఆ వయసు వాళ్లు జవాబును ప్రశ్నపత్రం మీదే గుర్తుపెట్టాలి. ఓఎంఆర్ (యంత్రం చదివే జవాబు పత్రం) గడులు నింపడం వాళ్ల పని కాదు. ఓఎంఆర్ ఇచ్చేది పై తరగతులకైతే ముందురోజు పది నిమిషాలు అలవాటు చేయించండి. ఒక వరుస కిందికి జారితే తర్వాతి జవాబులన్నీ తప్పే అవుతాయి, ఆ తప్పు లెక్కలది కాదు.

జవాబులు లెక్కగట్టడం

నిలువు గీతల్లో ప్రశ్నలు, అడ్డ వరుసల్లో పిల్లల పేర్లు. గడిలో టిక్కు, ఇంటూ కాదు, పిల్లవాడు ఎంచుకున్న అక్షరమే రాయండి. ఉదాహరణకు పై తీసివేతలో 30 మందిలో 12 మంది బి, 10 మంది ఎ, ఐదుగురు సి, ముగ్గురు డి పెట్టారనుకుందాం. ఎ పెట్టిన పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి, చీపురు పుల్లలను పదేసి కట్టలు కట్టించి, కట్ట విప్పి ఒకట్లు చేయడం చేతులతో చేయించాలి. వారం పది రోజులు పడుతుంది. సి, డి వాళ్లకు కొట్టేసిన అంకె మీద కొత్త అంకె రాసే అలవాటు చేయిస్తే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. అందరికీ కలిపి ఆ పాఠమే మళ్లీ చెబితే 12 మందికి విసుగు, పదిమందికి మళ్లీ అదే అయోమయం.

సర్వే నెల దగ్గరపడగానే పాత బిట్లు బట్టీ పట్టించే బడులున్నాయి. దాంతో అంకె పెరుగుతుంది. మన దగ్గర లోటు లేదన్న తప్పుడు కబురు పైకి వెళ్తుంది, ఆ లోటుకు రావాల్సిన సాయం ఆగిపోతుంది. నష్టపోయేది ఆ పిల్లలే. కొత్త విద్యావిధానం 3, 5, 8 తరగతుల్లో పిల్లలందరూ రాసే పరీక్షలు కూడా చెబుతోంది. అప్పుడు బట్టీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది కాబట్టి ఇప్పుడే ఈ పద్ధతికి అలవాటు పడటం మంచిది.

ఆరు వారాల తర్వాత అవే సామర్థ్యాల మీద కొత్త అంకెలతో మళ్లీ పరీక్ష పెట్టండి. ఆ తీసివేతకు జోడీ ఇది: 705 – 268, ఆప్షన్లు 537, 563, 437, 447. ఇందులో 563 పెట్టినవాళ్లు మొదటిసారి 355 పెట్టినవాళ్లేనా అన్నది పాత పట్టికతో పేరు పేరునా సరిచూడండి.