లాంగ్ రైడ్‌కి ముందు: మీ బండి ఎక్కడ నొప్పి పెడుతుందో చూసుకోండి

షోరూంలో బండెక్కి కూర్చుని "అబ్బ, సోఫాలా ఉంది" అనుకున్నవాళ్లే మూడొందల కిలోమీటర్లు పోయాక పెట్రోల్ బంకులో నడుం పట్టుకుని నిలబడతారు. అలా నిలబడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. మొదటి అరగంట ఏ బండైనా బాగానే ఉంటుంది. దాని అసలు గుణం రెండో గంటలో బయటపడుతుంది. ఇన్నేళ్లలో నొప్పి పెట్టని బండి నాకు తగల్లేదు. ఒక్కో రకం ఒక్కో చోట పెడుతుంది, అంతే తేడా. అందుకని ఉన్న బండితోనే బయల్దేరేవాళ్లు అది తమకి ఎక్కడ నొప్పి పెడుతుందో ముందే కనిపెట్టాలి. ప్రయాణం వచ్చే నెలలో ఉంటే ఈ వారమే మొదలుపెట్టండి.

మన ఒళ్లు బండికి ఆనేది మూడు చోట్ల: సీటు, హ్యాండిల్, ఫుట్‌రెస్టులు. ఈ మూడూ ఒకదానికొకటి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉన్నాయన్న దాన్ని బట్టే బరువు ఎక్కడ పడాలో తేలుతుంది.

అందరూ పొరబడేది క్రూయిజర్ దగ్గర. కిందికి ఉండే సీటు, ముందుకి చాచుకునే కాళ్లు, చేతికందే హ్యాండిల్. చూస్తే పడక్కుర్చీయే. కానీ మామూలు బండి మీద గుంత కనిపిస్తే ఏం చేస్తాం? కాళ్ల మీద బరువు వేసి కాస్త పైకి లేస్తాం. పాదాలు ముందుకి చాచి ఉంటే ఆ వీలుండదు. పైగా ఈ రకం బండ్లలో చాలావాటికి వెనక సస్పెన్షన్ కదిలేదే తక్కువ. దెబ్బ తిన్నగా వెన్ను చివరి ఎముకకి తగిలి నడుం దాకా పాకుతుంది. వేగం పెరిగితే గాలి ఛాతీని వెనక్కి తోస్తుంటే హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నట్టుంటుంది, సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి. చిన్న విండ్‌స్క్రీన్ ఈ రెండో బాధని చాలావరకు తీరుస్తుంది. మొదటిదానికి మందు నడుముకి ఆనుకునేలా వెనక సీటు మీద గట్టిగా కట్టిన బ్యాగు. నేను స్లీపింగ్ బ్యాగుని అడ్డంగా కట్టుకుంటాను, కొన్న బ్యాక్‌రెస్ట్ కంటే అదే మేలనిపించింది.

స్పోర్ట్స్ బండి దీనికి పూర్తిగా తిరగేసిన కథ. ఒంటి బరువులో కొంత మణికట్ల మీద పడుతుంది, మోకాళ్లు మడతపడి ఉంటాయి, రోడ్డు కనపడాలంటే మెడ ఎత్తే ఉంచాలి. హైవే మీద గాలి ఛాతీని కొంచెం మోస్తుంది కాబట్టి పరవాలేదు. నరకం కనిపించేది నెమ్మదిగా పోయే ట్రాఫిక్‌లో. ఒకసారి అలాంటి బండి మీద దాదాపు నాలుగు గంటలు ఆగకుండా వెళ్లి నగరంలోకి దిగాను. మలుపు తిరిగాక ఇండికేటర్ ఆపుదామని బొటనవేలితో నొక్కాను. నొక్కానో లేదో తెలియలేదు. కిందికి చూస్తే ఇండికేటర్ టకటకా కొట్టుకుంటూనే ఉంది, నా వేలు బటన్ పక్కనున్న ప్లాస్టిక్‌ని ఒత్తుతోంది. ముందు ఆటో బ్రేకేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తల్చుకోబుద్ధి కాదు.

తిమ్మిరి ఏ వేళ్లకి వచ్చిందో చూస్తే కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారితే మణికట్టు మధ్యలోంచి పోయే నరం నలుగుతోందని. చిటికెనవేలు, ఉంగరపువేలు అయితే అరచేతి కింద, చిటికెనవేలి వైపు బరువు మోపుతున్నారని. క్లచ్, బ్రేక్ లివర్ల బోల్టు వదులు చేసి, వాటి మీద వేళ్లు పెట్టినప్పుడు మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలో ఉండేలా తిప్పి బిగించండి. స్పానర్ ఒక్కటి చాలు, పది నిమిషాల పని. చాలామంది కంపెనీ ఎలా బిగించి ఇచ్చిందో అలాగే ఏళ్ల తరబడి నడిపేస్తారు. మోకాళ్లతో ట్యాంకుని నొక్కి పట్టి, నడుం దగ్గర కాకుండా తుంటి దగ్గర వంగితే చేతుల మీద బరువు తగ్గుతుంది. హ్యాండిల్‌ని పిచ్చుకని పట్టుకున్నట్టు పట్టుకోవాలి: ఎగిరిపోకూడదు, నలిగిపోకూడదు. ఒంటి సిలిండర్ బండ్లకి వణుకు ఎక్కువ కాబట్టి హ్యాండిల్ చివర్లలో బరువులు, కొంచెం మందపాటి గ్రిప్పులు వేయించుకోవచ్చు.

రోజూ ఆఫీసుకి తిప్పే మామూలు బండ్లకీ, ఫెయిరింగ్ (గాలికి అడ్డుగా ముందుండే తొడుగు) లేని నేకెడ్ బండ్లకీ కూర్చునే తీరులో పెద్ద లోపం లేదు, నిటారుగా ఉంటాం. వాటితో వచ్చే తంటా గాలి. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 120కి పోతే వేగం ఒకటిన్నర రెట్లే గానీ తోపు 2.25 రెట్లవుతుంది. 120లో మెడ లాగేస్తుంటే 100కి దింపి చూడండి, తోపు 30 శాతం తగ్గుతుంది. ఖర్చు లేని వైద్యం.

అడ్వెంచర్ బండ్లంటే నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. వెడల్పు హ్యాండిల్, ఎక్కువ కదిలే సస్పెన్షన్, ఎప్పుడైనా లేచి నిలబడగలిగే ఫుట్‌రెస్టులు. 1980లో బీఎండబ్ల్యూ ఆర్ 80 జీ/ఎస్ మొదలుపెట్టిన ఈ బాట దూరాలకి బాగా కుదిరింది. కానీ సీటు ఎత్తు, పైన లగేజీ. అలసిన కాలు సిగ్నల్ దగ్గర నేలని సరిగ్గా అందుకోకపోతే బండి పక్కకి ఒరుగుతుంది, అంత బరువుని ఆపలేం. బరువైన సామాను అడుగున సర్దండి. విండ్‌స్క్రీన్ ఎత్తు కూడా సరిచూసుకోవాలి: దాని అంచు మీంచి వచ్చే గాలి సుడులు సరిగ్గా హెల్మెట్‌కే తగిలితే తల గిలకలా ఊగుతుంది. అంతకంటే అసలు స్క్రీన్ లేకపోవడమే నయం.

దూరాలకే చేసిన పెద్ద టూరర్ల సంగతి వేరు. గాలి తగలదు, సీటు సింహాసనం. అయితే ఈ రకంలోని హోండా గోల్డ్ వింగ్ కూడా 1975లో ఫెయిరింగ్ లేకుండానే వచ్చింది, కంపెనీ బిగించిన ఫెయిరింగ్ 1980లో గానీ రాలేదు. ఇప్పటి గోల్డ్ వింగ్ బరువు 350 కిలోలు దాటుతుంది. వాలు నేల మీద ఆపేటప్పుడు ఆ సింహాసనం ఎంత బరువో తెలుస్తుంది.

ఇక సీటు. మెత్తటి సీటు మంచిదన్నది పెద్ద భ్రమ. మెత్తటి ఫోమ్ గంటలో అణిగిపోయి పిర్రల ఎముకలు కింది గట్టి అట్టకి ఆనుతాయి. కొంచెం గట్టిగా, వెడల్పుగా ఉన్నదే నాలుగో గంటలో నిలబడుతుంది. జెల్ సీటు వేయించుకుంటే ఎండలో ఆపినప్పుడు కప్పి ఉంచండి, లేకపోతే పెనం మీద కూర్చున్నట్టే. జీన్స్ మందపాటి కుట్లు, లోదుస్తుల అంచులు కూడా తొడల్ని ఒరిపిస్తాయి. సైకిల్ తొక్కేవాళ్ల ప్యాడెడ్ షార్ట్స్ లోపల వేసుకుంటే సగం బాధ పోతుంది. వీపుకి బరువైన బ్యాగు వద్దు, మరీ ముఖ్యంగా స్పోర్ట్స్ బండి మీద. ఆ బరువు కూడా మణికట్లకే చేరుతుంది.

వెనక మనిషి ఉంటే వెనక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగింపు) పెంచాలి, టైర్లలో గాలి మాన్యువల్‌లో జంటకి చెప్పిన లెక్కలో చల్లగా ఉన్నప్పుడే పట్టించాలి. స్పోర్ట్స్ బండి వెనక సీటు మీద ఎవరినైనా రోజంతా కూర్చోబెట్టాలనుకుంటే, ముందు రోజు ఆ సీటు మీద మీరొక గంట కూర్చుని చూడండి.

బయల్దేరడానికి రెండు వారాల ముందు పూర్తి సామానుతో 150 కిలోమీటర్లు తిరిగి రండి. ఆగిన ప్రతిచోటా ఎక్కడ నొప్పిగా ఉందో ఫోన్‌లో ఒక్క ముక్క రాసుకోండి. కొత్త బూట్లు, కొత్త సీటు, కొత్త హెల్మెట్ ఈ తిరుగుడులోనే పరీక్షకి పెట్టాలి, ప్రయాణం నాడు కాదు.

దారిలో గంటకో, గంటన్నరకో ఒకసారి దిగి, హెల్మెట్ తీసి, ఐదు నిమిషాలు నడవండి. నొప్పి మొదలయ్యాక ఆగితే అది పూర్తిగా పోదు, మొదలవకముందే ఆగాలి. అమెరికాలో ఐరన్ బట్ అసోసియేషన్ అని ఒకటుంది, 24 గంటల్లో 1,000 మైళ్లు, అంటే 1,609 కిలోమీటర్లు వెళ్లినవాళ్లని గుర్తిస్తుంది. లెక్క కడితే ఆగిన సమయంతో కలిపి గంటకి 67 కిలోమీటర్లే, అంటే ఆగుతూ వెళ్లినా కుదిరేదే. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, హైవే వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు వినికిడిని దెబ్బతీస్తుంది, మనిషినీ అలసగొడుతుంది. కొన్నిచోట్ల చట్టం ఒప్పుకోదు, చూసుకోండి. నిద్రమత్తు తెచ్చే నొప్పి మాత్రలు మాత్రం దారిలో వద్దే వద్దు.

నేను తప్పకుండా ఆగేది నగరం పది కిలోమీటర్లు ఉందనగా. గ్లవ్స్ తీసి, రెండు చేతుల్లోనూ ఒక్కో వేలినీ బొటనవేలికి ఆనించి చూస్తాను. ఆనినట్టు తెలియకపోతే తెలిసేదాకా అక్కడే.