బోరు నీళ్ల రొయ్యల గుంటకు పొటాష్ లెక్క కట్టడం ఎలా?

సముద్రపు నీళ్లు నేరుగా పెట్టుకునే గుంటలకు ఈ లెక్కతో అంత పని లేదు. నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు లాంటి చోట్ల బోరు నీళ్లతో వెనామీ రకం రొయ్య వేసినవాళ్లకే ఇది కావాలి. మీటరులో సెలినిటీ (నీళ్లలోని ఉప్పదనం) బాగానే చూపిస్తుంది. రొయ్య మాత్రం మోల్టింగ్ (పాత పెంకు విడిచే సమయం) దగ్గర చచ్చిపోతుంది, మేత చూసుకునే చెక్ ట్రే పైకి తీయగానే వంకర తిరిగి బిగుసుకుపోతుంది. జబ్బు కూడా కావచ్చు, అది వేరే చూపించుకోవాలి. కానీ నీళ్లలోని ఉప్పులో పొటాషియం ఎంత ఉందో చూడకుండా మందుల జోలికి పోకండి.

రొయ్య రక్తంలోని ఉప్పదనం సుమారు 25 పీపీటీ (వెయ్యి పాళ్లలో 25 పాళ్ల ఉప్పు) నీళ్లతో సమానం. గుంట 5 పీపీటీలో ఉంటే ఒంట్లోని ఉప్పు అదేపనిగా బయటికి పోతుంటుంది. పోయినదాన్ని మొప్పలు మళ్లీ లాక్కోవాలి. అయితే కణం పొర కొవ్వుతో అల్లుకున్నది, ఉప్పులోని సోడియం అయాన్లను (ఛార్జ్ ఉన్న పరమాణువులను) దానంతట అది దాటనివ్వదు. దాటించేవి ఆ పొరలో ఇమిడి ఉన్న ప్రొటీన్లు. వాటిలో పెద్ద పని చేసేది సోడియం-పొటాషియం పంపు. మొప్ప కణానికి రక్తం వైపున్న పొరలో ఉండి, ఒక్కో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుకు 3 సోడియం అయాన్లను రక్తంలోకి నెట్టి, 2 పొటాషియం అయాన్లను కణంలోకి తీసుకుంటుంది. పొటాషియం చాలకపోతే సోడియం పనీ కుంటుపడుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ 1957లో ఈ ప్రొటీన్‌ను గుర్తించింది పీత కాళ్ల నరాల్లోనే. రొయ్యకు దగ్గర చుట్టమే! 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇక పనిలోకి వద్దాం. గుంటలో నాలుగైదు చోట్ల నీళ్లు తీసి, కలిపి, శుభ్రమైన సీసాలో ల్యాబ్‌కి ఇవ్వండి. పీహెచ్, హార్డ్‌నెస్‌లతో సరిపెట్టుకోకుండా పొటాషియం, మెగ్నీషియం కూడా చూడమని నోరు తెరిచి అడగండి.

రిపోర్టు వచ్చాక సెలినిటీని 10.7తో గుణించండి. సముద్రపు నీటి పాళ్ల ప్రకారం లీటరుకు ఉండాల్సిన పొటాషియం, మిల్లీగ్రాముల్లో, అదే. 5 పీపీటీకి 53.5. ల్యాబ్ 20 అని రాసిందనుకుంటే తక్కువైంది 33.5, అంటే ఘనపు మీటరుకు 33.5 గ్రాములు. ఎరువుల కొట్టులో దొరికే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో పొటాషియం దాదాపు సగమే కాబట్టి 67 గ్రాములు వేయాలి. మీటరు లోతున్న ఎకరం గుంటలో సుమారు 4,050 ఘనపు మీటర్ల నీళ్లుంటాయి. మొత్తం 270 కిలోల పైమాటే. రొయ్య బొమ్మ వేసిన మినరల్ బస్తా కొనేముందు దానిమీద పొటాషియం శాతం చదవండి. అది రాయని బస్తాతో ఈ లెక్క కుదరదు.

సీడు (రొయ్య పిల్లలు) వదలకముందే వేస్తే మంచిది. పంట మధ్యలో అయితే ఒకేసారి కుమ్మరించకుండా మూడు నాలుగు విడతలుగా, నీళ్లలో కరిగించి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుండగా చల్లండి.

బంకమట్టి గుంటలైతే అడుగు మట్టి పొటాషియాన్ని పట్టేసుకుంటుంది. అందుకే వారం పది రోజులకు మళ్లీ పరీక్ష చేయించండి. అక్టోబరు నుంచి పడే వానలకు సెలినిటీ దిగిపోతుంది, పాత అంకెతో బస్తాలు లెక్కపెట్టకండి. కొత్త సెలినిటీతో మళ్లీ 10.7 గుణకారం చేసి, తక్కువైతేనే వేయండి.