నర్సునై ఉండీ మరిచిపోయిన సంగతి

ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఎన్ని వేల చేతులకు బీపీ పట్టీ చుట్టానో లెక్క లేదు. నా చేతికి చుట్టుకున్నది మాత్రం నలభై తొమ్మిదో ఏట, అదీ కొత్త మిషను పనితీరు చూడటానికి. 152/96 చూపించింది. మిషను తేడాగా ఉందనుకున్నాను. మర్నాడూ, ఆ మర్నాడూ అదే వరస.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా?" పెరిగింది. మొదటి కాన్పులో గుర్రపు వాతం (గర్భిణికి బీపీ బాగా పెరిగి వచ్చే జబ్బు) అన్నారు, నెల ముందే బిడ్డను తీశారు. ఆ తర్వాత బీపీ దిగింది, నేనూ మరిచిపోయాను. గుర్రపు వాతం వచ్చినవారికి తర్వాతి కాలంలో గుండె జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు.

అందుకే గుండెను కాపాడుకోవాలనుకునే ఆడవారిని నడక కంటే ముందు ఒక కాగితం తీయమంటాను. గర్భంలో బీపీ గానీ షుగరు గానీ వచ్చిందా, నెలలు నిండకుండా కాన్పు అయిందా, నెలసరి ఏ వయసులో ఆగింది (45 లోపు ఆగితే తప్పక రాయాలి), లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం లాంటివి (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే దాడి చేసే జబ్బులు) ఉన్నాయా, రొమ్ము క్యాన్సరుకు రేడియేషన్ తీసుకున్నారా? తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండె జబ్బు వచ్చిందా? రాసి డాక్టరు చేతిలో పెట్టండి. అడిగేదాకా ఆగవద్దు, చాలామంది అడగరు.

ఇక బీపీ. మెట్లెక్కి వచ్చి, కబుర్లు చెబుతూ చూపించుకున్న బీపీని నేను నమ్మను. అరగంట ముందు నుంచి కాఫీ, పొగ వద్దు. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి, పట్టీ ఒంటి మీదే చుట్టాలి, జాకెట్టు చేతి మీద కాదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ ఒక పుస్తకంలో రాసుకోండి. 120/80 లోపు ఉంటే బాగున్నట్టు. తరచూ 130/80 దాటుతుంటే ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నెలసరి ఆగే రోజుల్లో చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కాబట్టి నలభైలో తీసిన రిపోర్టు చూసుకుని నిశ్చింతగా ఉండకండి. షుగరు పరీక్ష కూడా చేయించాలి. మధుమేహం మగవారి గుండె కంటే ఆడవారి గుండెకు ఎక్కువ చేటు చేస్తుంది.

"రోజంతా నిలబడే ఉంటాను కదా, మళ్లీ నడకెందుకు?" అని నేనే అనేదాన్ని. నిలబడితే కాళ్లు నొస్తాయి, గుండెకు పని పడదు. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం కావాలి. వారానికి 150 నిమిషాలు. నేను పది పది నిమిషాలుగా పూర్తి చేస్తాను. వారానికి రెండు రోజులు కండరాలకు బరువు పని కూడా.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీ చెంచా. పొగాకు ఏ రూపంలోనూ వద్దు. 35 దాటి, పొగతాగే అలవాటుంటే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ప్రమాదం. గుండెకు మంచిదని ఎవరో చెప్పారని ఆస్పిరిన్ గానీ హార్మోన్ మాత్రలు గానీ సొంతంగా మొదలుపెట్టకండి.

గుండెపోటు వచ్చి దవడ నొప్పి, వికారం మొదలయ్యాక కూడా ఒకావిడ బట్టలన్నీ మడతపెట్టి ఆసుపత్రికి వచ్చింది. గ్యాస్ అనుకుందట. గుండెపోటులో ఆడవారికీ ఎక్కువగా ఛాతీలోనే పట్టేసినట్టుంటుంది, కానీ ఆయాసం, వీపు నొప్పి, చల్లటి చెమట, ఎన్నడూ లేని నీరసం కూడా తోడవుతాయి. ఒక్కోసారి ఇవే వస్తాయి. అలాంటప్పుడు బండి నడుపుకుంటూ వెళ్లకండి. అంబులెన్సు పిలిచి, తలుపు గడియ తీసి, కూర్చోండి.